వీల్ నట్లు పదేపదే లూజవుతుంటే: అసలు కారణం పట్టుకోవడం ఎలా

కారు వీల్ నట్టు ఒకసారి లూజైతే బిగించుకుని, తర్వాత ఓ కన్నేసి ఉంచితే సరిపోతుంది. అదే చక్రం మళ్లీ లూజైందంటే మాత్రం ఇంకా గట్టిగా బిగించడం దానికి మందు కాదు. అక్కడ ఏదో నలుగుతోంది, లేదా సాగుతోంది, లేదా ఆనాల్సిన చోట ఆనడం లేదు. అదేమిటో తేలేదాకా ఆ బండిలో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని హైవే ఎక్కకండి.

విశాఖలో ఏ పంక్చర్ షాపుకి వెళ్లి "నట్లు లూజవుతున్నాయి" అన్నా, సాధారణంగా వచ్చే జవాబు ఎయిర్ గన్నుతో ఇంకో నాలుగు దెబ్బలు. ఆ పూటకి చక్రం గట్టిగానే ఉంటుంది. కానీ ఆ అదనపు దెబ్బలే, నట్టు ఎక్కే మర బోల్టు అయిన స్టడ్‌ని సాగదీసి, మరుసటి నెల మళ్లీ లూజవడానికి దారి వేస్తాయి. అందుకే బిగింపు గురించి కాకుండా, బిగింపు ఎక్కడికి పోతోందన్న దాని గురించి రాస్తున్నాను. కింద చెప్పేవన్నీ ఇంటి ముందు, చదునైన నేల మీద, కొద్దిపాటి సామాన్లతో చేసుకోగలిగినవే. చేతకాని చోట ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఏమని అడగాలో కూడా చెబుతాను.

ముందుగా గుర్తులు

నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ఒక చక్రం దగ్గర నుంచి టక్, టక్ అని చప్పుడు వస్తుంది. వేగం పెరిగితే ఆ చప్పుడూ దగ్గర దగ్గరగా వస్తుంది. నిన్నటిదాకా లేని అదురు స్టీరింగ్‌లోనో, సీటు కిందో మొదలవుతుంది. కారు ఆపి చూస్తే నట్టు మొదట్లోంచి బయటికి ఎర్రటి తుప్పు చారలు పాకి ఉంటాయి, లేదా నట్టు కూర్చునే చోట చుట్టూ కొత్తగా మెరుస్తున్న రింగు కనిపిస్తుంది. ఆ మెరుపు అంటే లోహం లోహంతో రాపిడి పడుతోందని అర్థం. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కనిపించినా "ఇంటికెళ్లాక చూద్దాం" అనుకోవద్దు. పక్కకి ఆపి అక్కడే స్పానర్ పెట్టి చూడండి.

ఒక అనుమానం ఇక్కడే తీర్చుకోవాలి. వీల్ బేరింగ్ పోయినా చక్రం ఊగుతుంది. జాకీ మీద లేపి, చక్రం పైభాగం ఒక చేత్తో, కిందిభాగం ఒక చేత్తో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. రిమ్ము ఒక్కటే కదులుతూ వెనకున్న డ్రమ్ము గాని డిస్కు గాని కదలకపోతే సమస్య నట్ల దగ్గరుంది. డ్రమ్ముతో సహా అంతా ఊగితే బేరింగ్ చూపించుకోవాలి.

చక్రాన్ని పట్టి ఉంచేది ఏమిటి

బండి బరువు ఆ నాలుగు స్టడ్ల మీద వేలాడుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. నట్టు బిగించినప్పుడు స్టడ్ కొద్దిగా సాగుతుంది. సాగిన స్టడ్ వెనక్కి లాగుతూ రిమ్మును, స్టడ్లు బిగించి ఉండే మధ్య భాగమైన హబ్‌కి అదిమి పెడుతుంది. ఆ అదుముడు వల్ల రెండు తలాల మధ్య పుట్టే రాపిడే చక్రాన్ని జారకుండా ఆపుతుంది. బ్రేకు వేసినప్పుడు పడే బలమైనా, గతుకులో పడే దెబ్బైనా ఆ రాపిడే మోయాలి.

లెక్క చూస్తే దీని గొప్పతనం తెలుస్తుంది. 12 మిల్లీమీటర్ల స్టడ్‌కి 100 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తే సుమారు 4 టన్నుల అదుముడు వస్తుంది. నాలుగు నట్లకి కలిపి 16 టన్నుల పైమాటే. కానీ అంత బలానికి స్టడ్ సాగేది ఎంత? దాదాపు 0.05 మిల్లీమీటరు. మనం రిమ్ములకు వేయించే పౌడర్ కోటింగ్ మందమే 0.06 నుంచి 0.1 మిల్లీమీటరు ఉంటుంది. అంటే నట్టు కింద ఉన్న ఒక్క రంగు పొర నలిగిపోయినా, స్టడ్‌లో ఉన్న సాగుడు చాలా మటుకు మాయమవుతుంది. రిమ్ము కాస్త స్ప్రింగులా వంగి ఆదుకుంటుంది కాబట్టి అంతా ఒకేసారి పోదు, కానీ పోవడం మాత్రం ఖాయం. నవారు ఎంత లాగి అల్లినా మంచం పట్టె పుచ్చి నొక్కుకుపోతే వదులవ్వక మానదు కదా, ఇదీ అంతే. నట్టు ఒక్క డిగ్రీ కూడా తిరగకుండానే బిగింపు పోవచ్చు.

బిగింపు అలా తగ్గాక రెండో అంకం మొదలవుతుంది. రిమ్ము హబ్ మీద వెంట్రుకవాసి అటూ ఇటూ జారుతుంది. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు ప్రయోగాలు చేసి చూపించింది ఇదే: బోల్టు పొడవునా వచ్చే అదురు కంటే, దానికి అడ్డంగా వచ్చే జారుడే నట్టును తిప్పేసి ఊడదీస్తుంది. నట్ల వదులుదనం మీద ఈ రోజుకీ చేసే పరీక్ష ఆయన పేరుతోనే ఉంది.

కాబట్టి మన ముందున్న ప్రశ్నలు రెండే. బిగింపు నలగడం వల్లో సాగడం వల్లో పోతోందా? లేక చక్రం జారి నట్టు తిరుగుతోందా? ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే.

కావలసిన సామాను

అర అంగుళం డ్రైవ్ టార్క్ రెంచ్ ఒకటి కావాలి. మనం పెట్టిన టార్క్ రాగానే టిక్కుమనే స్పానర్ అది. దీన్ని కొనమని గట్టిగా చెబుతాను. దీని ఖర్చు ఒక టైరు ఖర్చు కంటే తక్కువ, పైగా పదేళ్లు పనికొస్తుంది. దానికి సరిపోయే సాకెట్ చూసుకోండి. మారుతి, హోండా కార్లకు ఎక్కువగా 19, హ్యుందాయ్, టయోటాలకు ఎక్కువగా 21 సైజు పడుతుంది. వైర్ బ్రష్, ఎమరీ పేపరు, పాత గుడ్డలు, తెల్ల పెయింట్ మార్కరు, టార్చి, జాకీ, చక్రాలకు అడ్డుగా పెట్టే రాళ్లో చెక్కలో ఉండాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి చెయ్యి పెట్టొద్దు. స్టాండు లేకపోతే విప్పిన స్టెప్నీని బాడీ కిందకి తోసి ఉంచండి.

మీ కారుకి ఎంత టార్క్ అన్నది ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది. చిన్న కార్లకు సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య చెబుతారు. పక్కింటివాళ్ల కారు అంకె మీ కారుకి వాడకండి.

టార్క్ రెంచ్ లేకుండా అంచనాగా బిగించేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. కారుతో వచ్చే వీల్ స్పానర్ పిడి దాదాపు 30 సెంటీమీటర్లు ఉంటుంది. 70 కిలోల మనిషి దాని చివర ఎక్కి నిలబడితే 200 న్యూటన్ మీటర్లు దాటుతుంది. అంటే కావలసినదానికి రెట్టింపు. స్పానర్ ఎక్కి తొక్కడం మనవాళ్లకి బాగా అలవాటు, ఆ అలవాటు స్టడ్లను చంపేస్తుంది.

జాకీ తీయకముందు అడగాల్సినవి

ఏ చక్రం? ఒక్క నట్టా, అన్నీనా? ఇది ఎప్పటినుంచి, దానికి ముందు ఆ చక్రం దగ్గర ఏ పని జరిగింది?

ఈ ప్రశ్నలకు జవాబు కాగితం మీద రాసుకోండి. ఒక చక్రంలో ఒకే నట్టు ప్రతిసారీ లూజవుతుంటే ఆ స్టడ్, ఆ నట్టు, రిమ్ములో ఆ కన్నం, ఈ మూడింట్లోనే తప్పుంది. ఒక చక్రంలో అన్ని నట్లూ లూజవుతుంటే రిమ్ము, డ్రమ్ము, హబ్ ఒకదానికొకటి సరిగ్గా ఆనడం లేదు. నాలుగు చక్రాల్లోనూ అదే జరుగుతుంటే కొత్త అలాయ్ వీల్స్, కొత్త నట్ల సెట్టు, రిమ్ములకు కొత్త రంగు, లేదా బిగించే మనిషి పద్ధతి, వీటిలో ఒకటి కారణం.

మీకింకో చిట్కా. అనుమానం ఉన్న రిమ్మును స్టెప్నీతో మార్చి రెండు రోజులు నడిపి చూడండి. లూజవడం రిమ్ముతో పాటు వెళ్లిపోతే తప్పు రిమ్ములో ఉంది. అక్కడే ఉండిపోతే హబ్, స్టడ్ల వైపు చూడాలి. అయితే స్టెప్నీ ఇనుప రిమ్ము, మిగతావి అలాయ్ అయితే వాటి నట్లు వేరుగా ఉండొచ్చు. అది చూసుకున్నాకే మార్చండి.

గీత పరీక్ష

ఈ మొత్తం వ్యాసంలో ఒక్కటే చేస్తానంటే ఇది చేయండి. డబ్బు ఖర్చు లేదు, అబద్ధం చెప్పదు.

ఉదయం, బ్రేకులు చల్లగా ఉన్నప్పుడు నట్లన్నీ మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి బిగించండి. ప్రతి నట్టు మీద నుంచి రిమ్ము మీదకి తెల్ల మార్కరుతో ఒక్క గీత గీయండి. నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగినట్టు కనిపించాలి. తర్వాత మామూలుగా మీరు తిరిగే రోడ్ల మీదే ఒక 50 నుంచి 100 కిలోమీటర్లు నడపండి. మధ్యలో ఆపినప్పుడల్లా గీతలు చూసుకోండి. ఏ గీతైనా కదిలితే అక్కడితో నడపడం ఆపి కారణం వెతకాలి.

దూరం పూర్తయ్యాక మర్నాడు ఉదయం, మళ్లీ చల్లగా ఉన్నప్పుడు, టార్క్ రెంచ్‌ని అదే అంకెకి పెట్టి ఒక్కో నట్టునీ బిగించే దిశలోనే మెల్లగా లాగండి. విప్పి మళ్లీ బిగించొద్దు, ఆ పని చేస్తే సాక్ష్యం పోతుంది.

గీత కలిసే ఉండి, నట్టు కదలకుండానే రెంచ్ టిక్కుమంటే ఆ నట్టు బాగుంది.

గీత కలిసే ఉంది కానీ టిక్కుమనే ముందు నట్టు ఇంకాస్త తిరిగింది అంటే, నట్టు వెనక్కి తిరగలేదు, కింద ఏదో నలిగింది లేదా స్టడ్ సాగింది. రంగు, తుప్పు, మురికి, లేదా సరిగ్గా కూర్చోని స్టడ్. ఎంత తిరిగిందో కొత్త గీత గీసి గుర్తు పెట్టుకోండి, ఇంకో 100 కిలోమీటర్లు నడిపి మళ్లీ చూడండి. మొదటిసారి పావు చుట్టులో సగం, రెండోసారి కొంచెం, మూడోసారి అసలు తిరగకపోతే అది సర్దుకుంటోంది, పని ముగిసింది. ప్రతిసారీ దాదాపు ఒకే మేర తిరుగుతుంటే మాత్రం స్టడ్ సాగిపోతూ ఉంది, లేదా హబ్‌లోంచి లాక్కుని వస్తోంది, లేదా రిమ్ములో పగులు మొదలైంది. ఆ తేడా ప్రాణం తీసే తేడా. సర్దుకునేదానికి ఓపిక పట్టొచ్చు, సాగేదానికి ఒక్క రోజు కూడా ఇవ్వకూడదు.

గీతే విరిగింది, నట్టు వెనక్కి తిరిగింది అంటే చక్రం జారుతోంది. నట్టు కూర్చునే వాలు తప్పు, మధ్య కన్నం తప్పు, సాగిన కన్నాలు, ఒక చివర మూసి ఉన్న మూత నట్టు అడుక్కి స్టడ్ తగలడం, ఇవి చూడాలి. వీటన్నిటికీ చక్రం విప్పాల్సిందే.

విప్పాక చూడాల్సినవి

*ఆనే తలాలు.* మన ఊళ్లో మొట్టమొదట అనుమానించాల్సింది వీటినే. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా రోడ్డు పక్కనే సముద్రం. పోర్టు, సింధియా, గాజువాక వైపు కూడా గాలిలో ఉప్పు, తేమ తక్కువేం కాదు. అక్కడ రోజూ ఆరుబయట నిలబెట్టే కారులో హబ్‌కీ, డ్రమ్ముకీ, రిమ్ముకీ మధ్య తుప్పు పొరలు పొరలుగా పెరుగుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. దాని మీద రిమ్ము ఆనినప్పుడు గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది, కొన్ని గతుకులు తగలగానే పొడై రాలిపోతుంది. బిగింపు దాంతో పాటే పోతుంది.

వెనక డ్రమ్ము బ్రేకులున్న చక్రాల్లో తలాలు నాలుగు: హబ్ బయటి ముఖం, డ్రమ్ము లోపలి ముఖం, డ్రమ్ము బయటి ముఖం, రిమ్ము వెనక ముఖం. మెకానిక్‌లు బయటి రెండే తుడిచి వదిలేస్తారు. డ్రమ్ము విప్పి లోపలి రెండూ చూడండి. బ్రేకు పని చేశాకే లూజవడం మొదలైతే మరీ ముఖ్యం. చిన్న తుప్పు పెచ్చు ఒక్కటి హబ్‌కీ డ్రమ్ముకీ మధ్య చిక్కుకున్నా చాలు. ముందు చక్రాల్లో డిస్కు వెనక కూడా ఇంతే.

వైర్ బ్రష్‌తో రుద్ది, ఎమరీ పేపరుతో సాపు చేసి, పొడి గుడ్డతో తుడవండి. చేత్తో తడిమితే ఎక్కడా గరుకు తగలకూడదు. అలాయ్ రిమ్మును మాత్రం మెత్తటి ఎమరీతో తేలిగ్గా రుద్దితే చాలు, లోహం అరగదీయకూడదు. మళ్లీ తుప్పు పట్టకుండా అని ఈ తలాలకు గ్రీజు పట్టించేవాళ్లున్నారు. వద్దు. మనకి కావలసిందే అక్కడి రాపిడి. కావాలంటే హబ్ మధ్యలో పొడుచుకొచ్చిన గుండ్రటి అంచు మీద మాత్రం పలచగా పూత రాసుకోండి, చక్రం అతుక్కుపోకుండా ఉంటుంది.

*రంగు.* పాత ఇనుప రిమ్ములకు రంగు కొట్టించడం, అలాయ్‌లకు పౌడర్ కోటింగ్ వేయించడం ఇక్కడ మామూలే. షాపువాళ్లు అందం కోసం వెనక ముఖం మీద, నట్టు కూర్చునే గుంటల్లో కూడా మందంగా వేసేస్తారు. రంగు వేయించాక లూజవడం మొదలైందంటే ఇంకెక్కడా వెతకొద్దు. ఆ రెండు చోట్లా రంగు తీసేయించండి. ఇకముందు రంగుకి ఇచ్చేటప్పుడే ఆ చోట్లు టేపు వేసి మూయమని చెప్పండి.

*నట్టు కూర్చునే వాలు.* నట్టు కింది భాగం, రిమ్ములో దాని గుంట ఒకే ఆకారంలో ఉండాలి. మన కార్లలో ఎక్కువగా కనిపించేది 60 డిగ్రీల కోను. హోండా కార్ల నట్లు, రిమ్ములు గుండ్రటి బంతి ఆకారంలో ఉంటాయి. కొన్ని అలాయ్‌లకు చదునైన వాషరుతో వచ్చే నట్లుంటాయి. బంతి గుంటలో కోను నట్టు పెడితే చుట్టూ ఆనకుండా సన్నటి గీతలా మాత్రమే తగులుతుంది. బిగించినప్పుడు ఆ గీత దగ్గర లోహం నలుగుతుంది, కొన్ని రోజులకు లూజవుతుంది. విప్పిన నట్టు కిందిభాగం వెలుతురులో తిప్పి చూడండి. చుట్టూ సమంగా, వెడల్పుగా రాపిడి గుర్తు ఉండాలి. దారంలా సన్నగా గాని, ఒక పక్కే గాని ఉంటే నట్టు, గుంట కలవలేదు. క్రోమ్ పూత ఉన్న చౌక నట్లైతే పూత పెచ్చులుగా లేచిందేమో కూడా చూడండి.

*వాడిన అలాయ్‌లు.* ఒక ఉదాహరణ తీసుకుందాం. హోండా సిటీ నుంచి తీసిన అలాయ్‌లు చవగ్గా దొరికాయని స్విఫ్ట్‌కి వేశారనుకోండి. నాలుగు కన్నాల కొలత, అంటే ఆ కన్నాలున్న వృత్తం వ్యాసం, రెండింటిదీ 100 మిల్లీమీటర్లే, కాబట్టి ఎక్కించగానే ఎక్కుతాయి. కానీ మధ్య కన్నం హోండాది 56.1, సుజుకీ హబ్ 54.1. రెండు మిల్లీమీటర్ల తేడా వల్ల రిమ్ము హబ్ మీద కూర్చోదు, నట్ల మీదే వేలాడుతుంది. వాటి గుంటలు బంతి ఆకారం, స్విఫ్ట్ నట్లు కోను. ఇలాంటి రిమ్ములు లూజవకపోతేనే ఆశ్చర్యం. అలాంటప్పుడు ఆ తేడాను పూడ్చే సరైన కొలత హబ్ రింగులు, గుంటకి సరిపోయే నట్లు, రెండూ కావాలి. ఆ నట్లు కూడా స్విఫ్ట్ స్టడ్ మరకి సరిపోయేవే ఉండాలి, హోండా నట్లు తెచ్చి పెడితే పట్టవు. గాజువాక ఆటోనగర్‌లోనో ఇంకెక్కడో పాత అలాయ్‌లు కొనేటప్పుడు డిజైన్ చూసే ముందు ఈ మూడూ అడగండి: కన్నాల కొలత, మధ్య కన్నం, నట్టు గుంట ఆకారం. చక్రం బయటికి కనపడాలని రిమ్ము వెనక స్పేసర్లు అనే మందపాటి బిళ్లలు వేయించుకున్నవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. కొన్ని స్పేసర్లను హబ్‌కి బిగించే నట్లు చక్రం వెనక దాగి ఉంటాయి. బయటి నట్లు ఎంత చూసుకున్నా లోపలివి లూజవుతూనే ఉంటాయి.

*మరలు, మూత నట్లు.* మారుతి స్టడ్లకు మర, అంటే రెండు మరల మధ్య ఎడం, 1.25 మిల్లీమీటర్లు, హ్యుందాయ్, హోండా, టయోటాలకు 1.5. ఒకదాని నట్టు ఇంకోదానికి రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. అక్కడ గన్ను పెడితే మర తెగి, బిగిసినట్టే అనిపిస్తుంది. అందుకే నట్టును ఎప్పుడూ ముందు చేత్తోనే చివరిదాకా తిప్పాలి. దారిలో ఎక్కడ పట్టేసినా ఆ స్టడ్ బాగాలేదు.

నట్టులో స్టడ్ ఎంత లోతుకి వెళ్తుందో కూడా చూడండి. 12 మిల్లీమీటర్ల స్టడ్‌కి కనీసం అంతే పొడవు మర పట్టాలి. 1.5 మర అయితే 8 పూర్తి చుట్లు, 1.25 అయితే దాదాపు 10. అలాయ్ మందంగా ఉంటే ఈ లెక్క తగ్గిపోతుంది. దీనికి ఎదురుగా ఇంకో ప్రమాదం ఉంది. మూసి ఉన్న మూత నట్టులో స్టడ్ చివర లోపలి అడుక్కి తగిలి ఆగిపోతుంది. రెంచ్ టిక్కుమంటుంది, రిమ్ము మాత్రం అదమదు. అనుమానముంటే చక్రం లేకుండా నట్టును చేత్తో చివరిదాకా తిప్పి, అది ఆగిన చోటుకీ డ్రమ్ముకీ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలవండి. ఆ ఖాళీ, రిమ్ములో నట్టు కూర్చునే చోటి మందం కంటే తక్కువ ఉండాలి.

*స్టడ్.* కొత్త స్టడ్ పక్కన పెట్టి చూస్తే సాగిన స్టడ్ తెలిసిపోతుంది. ఒక చోట నడుము సన్నబడుతుంది, మరల మధ్య ఎడం పెరుగుతుంది. కొత్త నట్టు అక్కడికి రాగానే పట్టేస్తుంది. ఇక స్టడ్ మార్పించిన తర్వాతే లూజవుతుంటే దాని తల హబ్ వెనక పూర్తిగా కూర్చోలేదని అనుమానించండి. స్టడ్‌ను ప్రెస్సుతో దించాలి. నట్టు పెట్టి గన్నుతో లాగితే సగం కూర్చుని ఆగుతుంది, నడిచేకొద్దీ మిగతా సగం లాక్కుంటుంది. వెనక నుంచి టార్చి వేసి తల చుట్టూ సందు ఉందేమో చూడండి.

ఒక స్టడ్ విరిగితే దాని పక్కవి రెండూ కొన్నాళ్లు అదనపు భారం మోసి ఉంటాయి, వాటినీ మార్చండి. రెండు విరిగితే ఆ హబ్‌వి అన్నీ మార్చాలి. విరగని స్టడ్ ఎందుకు మార్చాలని ఎవరైనా అంటే వినకండి.

*రిమ్ము కన్నాలు.* లూజుగా కొంత దూరం నడిచిన రిమ్ములో కన్నాలు గుడ్డు ఆకారంలో సాగుతాయి, అంచుల్లో వెంట్రుక పగుళ్లు వస్తాయి. అలాంటి రిమ్మును వెల్డింగ్ చేయించి వాడొద్దు. పాత సామానుకి వేసేయండి.

మళ్లీ ఎక్కించే పద్ధతి

స్టడ్లు, నట్లు శుభ్రంగా, పొడిగా ఉండాలి. కంపెనీ ప్రత్యేకంగా చెబితే తప్ప మరలకు నూనె, గ్రీజు రాయకండి. మనం ఇచ్చే టార్క్‌లో దాదాపు పదో వంతు మాత్రమే స్టడ్‌ని లాగడానికి పోతుంది, మిగతాదంతా నట్టు కింద, మరల్లో రాపిడికే ఖర్చవుతుంది. నూనె ఆ రాపిడిని తగ్గిస్తే అదే అంకె దగ్గర స్టడ్ మితిమీరి సాగుతుంది.

చక్రం గాల్లో ఉండగా నట్లన్నీ చేత్తో తిప్పి, తర్వాత స్పానర్‌తో ఎదురెదురుగా కొద్దిగా బిగించండి. అయిదు నట్లయితే నక్షత్రం గీసినట్టు ఒకటి వదిలి ఒకటి. ఇలా చేస్తేనే రిమ్ము నిటారుగా కూర్చుంటుంది. ఒకే నట్టును ముందే పూర్తిగా బిగిస్తే రిమ్ము ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది, మిగతావి ఎంత బిగించినా ఆ ఒరుగు పోదు. ఆ తర్వాత కారు కిందకి దించి, సగం టార్క్‌తో ఒక విడత, పూర్తి టార్క్‌తో ఇంకో విడత. టిక్కుమన్నాక ఆగాలి. ఇంకో రెండుసార్లు టిక్కు టిక్కు అనిపిస్తే కొంచెం కొంచెంగా ఎక్కువవుతూ పోతుంది. పని అయ్యాక రెంచ్‌ని కింది అంకెకి తగ్గించి పెట్టండి, లేకపోతే దానిలోపలి స్ప్రింగు తప్పు చూపడం మొదలుపెడుతుంది.

సింహాచలం కొండ దిగి వచ్చిన వెంటనే బ్రేకులు కాలిపోతుంటాయి. ఆ వేడిలో టార్క్ చూడకండి, సరైన అంకె రాదు.

తర్వాతి తనిఖీ

చక్రం ఎప్పుడు విప్పినా 50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత మరోసారి టార్క్ చూడాలి. అరకు వెళ్లే ముందురోజు టైర్లు మార్పించారంటే, బయలుదేరేటప్పుడు రెంచ్ డిక్కీలో పెట్టుకోండి. శృంగవరపుకోట దగ్గర టీకి ఆగినప్పుడు దాదాపు 50 కిలోమీటర్లు అయి ఉంటుంది. అనంతగిరి ఘాట్ ఎక్కే ముందు చూసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. ముందు టీ తాగి, చక్రాలు చల్లారాక చూడండి.

ఆటోలు, లారీలు

కొన్ని ఆటోల్లో రిమ్ము రెండు ముక్కలుగా ఉంటుంది. రెండు ముక్కల్నీ కలిపే నట్లు వేరు, చక్రాన్ని హబ్‌కి పట్టే నట్లు వేరు. టైరులో గాలి ఉండగా ముక్కల్ని కలిపే నట్ల జోలికి వెళ్లొద్దు, రిమ్ము ఎగిరి మనిషిని చంపగలదు.

పోర్టు వైపు తిరిగే లారీల్లో వెనక జంట చక్రాల మధ్య మట్టి, తుప్పు పేరుకోవడమే పెద్ద కారణం. ఆనే తలాలు ఎక్కువ కాబట్టి నలిగేదీ ఎక్కువ. వాటి నట్లకు టార్క్ కూడా వేరే, 22 మిల్లీమీటర్ల స్టడ్లకు సాధారణంగా 600 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల. కొన్ని పాత లారీల్లో ఎడమవైపు చక్రాలకు ఎడమ మర ఉంటుంది, స్టడ్ చివర ఎల్ అక్షరం కొట్టి ఉంటుంది. తెలియక విప్పబోయి ఇంకా బిగించేస్తారు. గీత పరీక్షకి బదులు లారీ నట్లకు తొడిగే పసుపు రంగు ప్లాస్టిక్ బాణాలు దొరుకుతాయి. రెండు నట్ల బాణాలూ ఎదురెదురుగా పెడితే, ఒకటి తిరిగినా దూరం నుంచే కనిపిస్తుంది. డ్రైవరు ప్రతి ఆగుదలలో ఒక చూపు చూస్తే సరిపోతుంది.

గ్యారేజీలో ఏమని అడగాలి

"నట్లు లూజవుతున్నాయి, బిగించండి" అనొద్దు. "వెనక ఎడమ చక్రం, అన్ని నట్లూ, గీత కదలకుండానే టార్క్ తగ్గుతోంది, డ్రమ్ము విప్పి లోపలి ముఖం చూడాలి" అని చెప్పండి. స్టడ్ మార్చాల్సి వస్తే ప్రెస్సు ఉందా అని ముందే అడగండి. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో, మీ కళ్లముందు జరగాలి. మంచి మెకానిక్ ఈ మాటలకు కోపగించుకోడు.

దారిలో తెలిస్తే

హజార్డ్ లైట్లు వేసి, రోడ్డుకి వీలైనంత ఎడంగా, చదునైన చోట ఆపండి. బ్రేకు ఒక్కసారిగా తొక్కొద్దు, మెల్లగా ఆపాలి. జాకీ మీద లేపి నట్లన్నీ చేత్తో వదులు చేసి, రిమ్మును హబ్‌కి గట్టిగా నొక్కి కూర్చోబెట్టి, ఎదురెదురుగా బిగించండి. ఊగుతున్న రిమ్మును అలాగే ఉంచి బిగిస్తే వంకరగా పట్టుకుంటుంది.

నట్లు రాలిపోయి స్టడ్లు మాత్రం బాగుంటే, మిగతా మూడు చక్రాల నుంచి తలా ఒక నట్టు తీసి పెట్టుకోవచ్చు. నాలుగు నట్ల కారులో ఒక్కో చక్రానికి మూడేసి అవుతాయి. ఇది దగ్గరలోని షాపుదాకా, 30 నుంచి 40 వేగంలో వెళ్లడానికి మాత్రమే. స్టడ్ విరిగినా, రిమ్ము కన్నం సాగినా అది కూడా వద్దు. ఆనందపురం వైపో, అనకాపల్లి వైపో జాతీయ రహదారి మీద ఉంటే 1033కి ఫోన్ చేసి సాయం అడగండి. ఘాట్ రోడ్డులో ఉంటే కారును వదిలి పిల్లల్ని, పెద్దవాళ్లను కొండవైపు సురక్షితమైన చోట కూర్చోబెట్టి, తోలుకెళ్లే బండిని పిలిపించుకోండి.